మీటర్ లక్షన్నర దాటిన కారు అమ్ముతున్నారా? బ్రోకర్ రేటుకు తలూపే ముందు ఈ లెక్క చూడండి!

కారు అమ్మకానికి పెట్టగానే ఫోన్ చేసే ప్రతి గిరాకీ ముందు అడిగేది ఒక్కటే. ‘అన్నా, బండి ఎంత తిరిగింది?’ లక్షా డెబ్బై వేలు అని చెప్పగానే అవతల రెండు సెకన్లు సైలెన్స్. ఆ తర్వాత వాళ్లు చెప్పే రేటు వింటే అమ్మేవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

చాంద్రాయణగుట్ట, శాలిబండ, సంతోష్‌నగర్, బహదూర్‌పురా.. పాతబస్తీలో ఏ గల్లీ చూసినా ఇలా బాగా తిరిగిన బండ్లు కనిపిస్తాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ట్రిప్పులు కొట్టినవి, గల్ఫ్ వెళ్లే చుట్టాలను దింపి వచ్చినవి, పెళ్లిళ్లకు జిల్లాలన్నీ చుట్టినవి. చాలా ఇళ్లలో సొంతిల్లు తర్వాత పెద్ద ఆస్తి ఈ కారే. బిడ్డ పెళ్లికో, కొడుకు ఫీజుకో అమ్మాల్సి వచ్చినప్పుడు యాభై వేల తేడా అంటే మామూలు విషయం కాదు.

ఒకవైపు ఆన్‌లైన్‌లో అదే మోడల్‌కు నాలుగున్నర లక్షలు కనిపిస్తుంది. ఇంకోవైపు బ్రోకర్ వచ్చి బానెట్ ఎత్తి, పెదవి విరిచి, ‘రెండున్నరకు మించి రాదు భాయ్’ అంటాడు. ఈ రెండూ మీ కారు ధర కాదు. మొదటిది ఎవరో అడుగుతున్న రేటు, అంతకే అమ్ముడైందని ఎక్కడా లేదు. రెండోది బ్రోకర్ తన రిపేర్ ఖర్చు, తన లాభం, బండి అమ్ముడుపోయేదాకా పెట్టుబడి ఆగిపోయే రిస్కు అన్నీ తీసేసి చెప్పిన రేటు. మరి అసలు లెక్క ఏంటి?

కిలోమీటర్లన్నీ ఒకటేనా?

కానే కావు. మదీనా చౌరస్తా, అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌లో ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, క్లచ్, బ్రేక్ అంటూ నడిచిన కిలోమీటరు వేరు. బెంగళూరు హైవే మీద టాప్ గేరులో సాఫీగా పోయిన కిలోమీటరు వేరు.

చిన్న లెక్క చూద్దాం. సిటీలో గంటకు సగటున 20 కిలోమీటర్ల స్పీడుతో 40 వేల కిలోమీటర్లు తిరిగిన కారు ఇంజిన్ మొత్తం 2,000 గంటలు నడిచినట్టు. హైవే మీద సగటున 60 స్పీడుతో లక్ష కిలోమీటర్లు తిరిగిన కారు ఇంజిన్ నడిచింది దాదాపు 1,670 గంటలే. అంటే మీటర్ మీద రెండున్నర రెట్లు ఎక్కువ కనిపిస్తున్న బండి ఇంజినే తక్కువ సేపు పనిచేసింది! క్లచ్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. టైర్లు, బేరింగులు, సస్పెన్షన్ మాత్రం హైవే మీదైనా అరుగుతాయి, అది ఒప్పుకోవాలి.

అందుకే మీ బండి ఎక్కువగా హైవే మీదే తిరిగిందంటే ఆ మాట గిరాకీకి చెప్పండి. ఊరికే చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి సర్వీస్ బిల్లులు ముందు పెట్టండి. ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ప్రతి బిల్లు మీదా ఉంటుంది. వరుసగా పేర్చితే బండి జాతకం మొత్తం అందులోనే కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మీటర్ వెనక్కి తిప్పే మోసం ఉంది కాబట్టే, 60 వేలే తిరిగిందని చెప్పే పదేళ్ల బండిని కూడా జనం అనుమానంగా చూస్తున్నారు. బిల్లులతో రుజువైన లక్షా డెబ్బై వేలు దాని కంటే నయం. ఇక ‘ఓ యాభై వేలు తగ్గిద్దాం భాయ్, ఎవరికి తెలుస్తుంది’ అని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు వినొద్దు. అది చీటింగ్. షోరూమ్ సర్వీస్ రికార్డు తీయిస్తే ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.

మీటర్ కంటే ముందు ఆర్‌సీ చూడండి

చాలామంది మర్చిపోయే పాయింట్ ఇదే. ప్రైవేట్ కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ల చొప్పున రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి కార్ల రెన్యువల్ ఫీజును కేంద్రం రూ.600 నుంచి రూ.5,000కు పెంచింది. 20 ఏళ్లు దాటిన కార్లకైతే 2025 ఆగస్టులో ఏకంగా రూ.10,000 చేసింది. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. పదేళ్ల డీజిల్ బండి రోడ్డెక్కకూడదన్న రూల్ మన దగ్గర లేదు. కాబట్టి పదేళ్లు దాటిన డీజిల్ కారుకు ఇక్కడ ఇంకా విలువ ఉంది.

బండి వయసు దాచడం కూడా కుదరదు. ఏపీ నంబర్ ఉన్న హైదరాబాద్ బండి అంటే 2014 జూన్ కంటే ముందుది, టీఎస్ అంటే ఆ తర్వాతది, టీజీ అంటే 2024 మార్చి తర్వాతది అని ప్లేట్ చూడగానే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు పాయింట్. మీ కారు 2015 మోడల్, 1,70,000 కిలోమీటర్లు తిరిగింది అనుకుందాం. మీ పక్కింటాయనదీ అదే మోడల్, అదే ఏడాది. ఆయనది 90 వేలే తిరిగింది. రెండింటి రిజిస్ట్రేషనూ 2030 వరకే. కొనే మనిషి నెలకు 800 కిలోమీటర్లు నడిపేవాడైతే ఐదేళ్లలో నడిపేది 48 వేలు. అప్పటికి మీ బండి మీటర్ 2,18,000 దగ్గర ఉంటుంది. సరిగ్గా చూసుకున్న డీజిల్ ఇంజిన్‌కు అది పెద్ద దూరం కాదు. మూడు లక్షలు దాటి తిరుగుతున్న ఇన్నోవాలు మన రోడ్ల మీదే ఉన్నాయి కదా. తక్కువ నడిపే ఆ గిరాకీకి మీ రెండు బండ్ల మధ్య తేడా, బ్రోకర్ చెప్పేంత ఉండదు. అదే రోజుకు 200 కిలోమీటర్లు క్యాబ్ తిప్పుకునే వాడికైతే చాలా తేడా ఉంటుంది. ఎక్కువ తిరిగిన బండికి సరైన రేటు తక్కువ నడిపే గిరాకీ దగ్గరే వస్తుంది. స్కూలు, ఆఫీసు, ఆదివారం చుట్టాలింటికి వెళ్లొచ్చే కుటుంబం దొరికితే తొందరపడి బ్రోకర్‌కు ఇచ్చేయొద్దు.

రేటు ఎలా కట్టాలి?

కింద ఉన్నవి మార్కెట్ రేట్లు కావు, పద్ధతి అర్థం కావడానికి వేసిన అంకెలు. మీ బండికి మీ అంకెలు వేసుకోండి.

ముందు ఆన్‌లైన్‌లో అదే మోడల్, అదే ఏడాది, అదే ఇంధనం ఉన్న హైదరాబాద్ బండ్లు ఐదారు చూడండి. రూ.4.20 లక్షల నుంచి 4.80 లక్షల దాకా అడుగుతున్నారనుకుందాం. అన్నిటికంటే తక్కువ రేటునే తీసుకోండి, ఎందుకంటే గిరాకీ కూడా దాన్నే చూపించి బేరం ఆడతాడు. అందులో బేరం కింద ఓ 30 వేలు పోతాయి. మిగిలింది 3.90 లక్షలు.

తర్వాత మీకు నమ్మకమైన మెకానిక్ దగ్గరకు బండి తీసుకెళ్లి, కొన్నవాడు రాబోయే ఏడాదిలో ఏమేం మార్చాలో రాయించండి. టైర్లు 20 వేలు, క్లచ్ 15 వేలు, సస్పెన్షన్ 12 వేలు అన్నాడనుకుందాం. మొత్తం 47 వేలు తీస్తే 3.43 లక్షలు. స్పేర్ పార్టుల రేట్లలో అనుమానం ఉంటే పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో రెండు షాపుల్లో అడిగితే తెలిసిపోతుంది. ఇక ఎక్కువ తిరిగిన 80 వేల కిలోమీటర్లకు, అంటే రేపు టర్బో, ఇంజెక్టర్లు ఏమైనా పోతాయేమోనన్న గిరాకీ భయానికి ఇంకో 33 వేలు వదిలేద్దాం. చివరికి తేలింది రూ.3.10 లక్షలు.

అదే మీ న్యాయమైన రేటు. 3.35 దగ్గర బేరం మొదలుపెట్టొచ్చు. 2.90 కంటే దిగకూడదని ఇంట్లో ముందే అనుకోండి, ఆ అంకె బయట ఎవరికీ చెప్పొద్దు. బ్రోకర్ 2.50 అంటే అరవై వేలు వదులుకుంటున్నారన్న సంగతి ఇప్పుడు కళ్ల ముందు ఉంటుంది. రేపే డబ్బు కావాలి, టైమ్ లేదు అంటే ఆ అరవై వేలు తొందర ఖరీదు అనుకుని ఇచ్చేయొచ్చు, తప్పేం లేదు. తెలిసి ఇవ్వడం వేరు, తెలియక ఇవ్వడం వేరు.

అమ్మే ముందు రిపేర్లు చేయించాలా అంటే.. చిన్నవి చేయించండి. ఆయిల్ సర్వీస్, బల్బులు, వైపర్లు, లోపల క్లీనింగ్. పెద్దవి వద్దు. 15 వేలు పెట్టి క్లచ్ వేయిస్తే రేటు 15 వేలు పెరుగుతుందన్న గ్యారంటీ లేదు. మెకానిక్ రాసిచ్చిన కాగితం చూపించి, ‘ఈ ఖర్చు తీసేసే రేటు చెబుతున్నా’ అనండి. బండి మొత్తానికి కొత్త పెయింట్ మాత్రం అసలు కొట్టించొద్దు. మెరుస్తున్న పాత బండిని చూస్తే ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం యాక్సిడెంటే.

కొత్త కార్ల రేట్లు కూడా గమనించాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొత్తది తగ్గితే పాతదీ తగ్గుతుంది కాబట్టి, అంతకు ముందు మీ ఫ్రెండ్ ఎంతకు అమ్మాడన్న లెక్క ఇప్పుడు పనికిరాదు. ఇక పాత కార్లపై 18 శాతం జీఎస్టీ అన్న వార్త చూసి కంగారు పడొద్దు. అది జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తన మార్జిన్‌పై కట్టేది. మామూలు మనిషి ఇంకో మామూలు మనిషికి సొంత కారు అమ్మితే వర్తించదు.

‘బండి నీళ్లలో మునిగిందా?’

పాతబస్తీ అడ్రస్ ఉన్న ఆర్‌సీ చూడగానే ఈ ప్రశ్న వస్తుంది. కారణం 2020 అక్టోబర్. ఆ నెల 13, 14 తేదీల్లో కురిసిన వానకు ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ లాంటి చోట్ల ఇళ్లతో పాటు కార్లూ మునిగాయి. 2025 సెప్టెంబర్‌లో మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి నీళ్లు వచ్చినప్పుడు చాదర్‌ఘాట్ వైపు కూడా అదే పరిస్థితి.

మునగని బండిని కూడా ఈ అనుమానంతోనే 20, 30 వేలు తగ్గించి అడుగుతారు. గిరాకీ అడగకముందే మీరే చూపించండి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగితే బురద మరక ఉండకూడదు. సీట్ల కింద రైలింగ్‌కు, స్టెప్నీ గుంతలో తుప్పు ఉండకూడదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ, ఆ నెలల సర్వీస్ బిల్లులు ఉంటే ఇంకా మంచిది. నిజంగానే మునిగిన బండైతే దాచొద్దు. వైరింగ్ ప్రాబ్లమ్స్ ఏళ్ల తర్వాత కూడా వస్తాయి, కొన్నవాడు మీ గల్లీకే తిరిగి వస్తాడు. ఆ విషయం చెప్పి, రేటు తగ్గించి అమ్మడమే నయం.

ట్యాక్సీ ప్లేట్ బండిదీ ఇంచుమించు ఇదే కథ. పసుపు ప్లేటు తీసి ప్రైవేట్‌గా మార్చాలంటే లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు ఎవరిదో తేల్చకుండా రేటు మాట్లాడితే చివర్లో గొడవే.

డబ్బు చేతికొచ్చే టైమ్‌లో జాగ్రత్త!

పదేళ్లు దాటిన బండికి చాలా ఫైనాన్స్ కంపెనీలు లోన్ ఇవ్వవు. వడ్డీ వద్దనుకునే కుటుంబాలూ ఇక్కడ ఎక్కువే. అందుకే బేరం క్యాష్ మీదే నడుస్తుంది. ఇక్కడే ఓ చిక్కుంది. ఒకే డీల్‌లో రూ.2 లక్షలు, అంతకు మించి క్యాష్ తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 ఏప్రిల్ నుంచి నిషేధించింది. పెనాల్టీ ఇచ్చినవాడికి కాదు, తీసుకున్నవాడికి. అదీ తీసుకున్న మొత్తమంత! కాబట్టి బయానా క్యాష్‌లో తీసుకున్నా, మిగతాది బ్యాంకు ద్వారానే తీసుకోండి.

పెండింగ్ చలాన్లు, బ్యాంకు లోన్ ఉంటే దాని ఎన్‌ఓసీ, ఫారం 35 ముందే క్లియర్ చేసుకోండి. ఇవి పెండింగ్‌లో ఉంటే గిరాకీ అసలు బాకీ కంటే ఎక్కువే తగ్గించి అడుగుతాడు. ఇన్సూరెన్స్‌లో మీ నో క్లెయిమ్ బోనస్ మీదే, కారుతో పోదు. సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త కారుకు వాడుకోవచ్చు.

సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు బ్రోకర్ చేతిలో పెట్టి, ‘ట్రాన్స్‌ఫర్ వాళ్లే చూసుకుంటారు’ అని వదిలేస్తే? చేతులు మారుతూ పోయిన ఓ బండి యాక్సిడెంట్ కేసులో, ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే వాళ్లే బాధ్యులని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. పైగా పాతబస్తీలో పోలీసులు కార్డన్ సెర్చ్ చేసినప్పుడల్లా పేపర్లు సరిగా లేని బండ్లు పట్టుకెళ్తుంటారు. అందులో మీ పేరున్న బండి ఉంటే మీకే ఫోన్ వస్తుంది. బండి అమ్మిన 14 రోజుల్లోగా ఫారం 29తో ఆర్టీఏకు మీరే తెలియజేయాలి. ఫారం 30 కొన్నవాళ్లతో కలిసి పూర్తి చేయాలి. డెలివరీ రోజు తేదీ, టైమ్, మీటర్ రీడింగ్ రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టి, కొన్నవాళ్ల ఐడీ కాపీ దగ్గర ఉంచుకోండి. ఆర్‌సీలో పేరు మారేదాకా వారానికోసారి ఆ నంబర్ మీద ఈ-చలాన్ పడిందేమో చెక్ చేస్తూ ఉండండి.