చదువుటకు ముచ్చలిక యేల?

అంగడికి బోయినవాడు సరకు చూచును, ధర యడుగును. నచ్చిన గొనును, నచ్చకున్న మఱియొక యంగడికి బోవును. వాకిటనే నిలువబెట్టి పేరు, ఊరు, పుట్టిన తేది వ్రాసి యిమ్మను వర్తకుని కొట్టు త్రొక్కువా డెవడు? ఈ విపరీతాచారమే నేడు వెబ్‌సైట్లలో సామాన్యమై పోయినది.

ఇటీవల మా యెఱుకగల రైతొకరు వేరుసెనగకు దగిలిన తిక్క తెగులునకు మందేదో చూచి చెప్పుడని మమ్మడిగిరి. వెదకగా నొకచోట నా విషయము కనబడినది. రెండు పంక్తులు చదువునంతలో, ముందు ఖాతా తెఱువుమని యాజ్ఞ వచ్చినది. పేరు, ఈ-మెయిలు, మొబైలు నంబరు, వయస్సు వ్రాసితిమి. పాస్‌వర్డులో అంకె లేదని యొకసారి, గుర్తు లేదని యొకసారి త్రోసిపుచ్చబడితిమి. పిదప ఓ.టి.పి. కొఱకు గాచుకొంటిమి. తుదకు లోపల నున్నవి నాలుగు వాక్యములు. అవియు నా రైతు ఎఱిగినవే! మఱునాటినుండి అప్పు లిచ్చెదమనువారు, స్థలము లమ్మెదమనువారు ఫోను చేయుచున్నారు. ఈ రెంటికిని గల సంబంధమును నిరూపింపజాలము; అనుమానింపక యుండను జాలము.

వెబ్‌సైటు నడుపుటకు ధనము గావలెననియు, ఊరు పేరు లేనివారివలన నుపద్రవము గలదనియు నిర్వాహకు లందురు. అది యసత్యము గాదు. బ్యాంకులో సొమ్ము తీయువాడు, రైలు టిక్కెట్టు గొనువాడు తానెవరో చెప్పుకొనుట న్యాయమే. ధనము గావలసినచో వెల చెప్పి యడుగవచ్చును. కాని ఉచితమని పిలిచి, మన వివరములనే వెలగా గైకొని, ఆ వెల యెంతయో చెప్పకుండుట ఏటి న్యాయము? మన గ్రంథాలయములలో పత్రిక చదువబోవువాడు మహా అయిన నొక సంతకము చేయును. పుస్తక మింటికి గొనిపోవునప్పుడే చిరునామా యవసరమగును. ఈ తారతమ్యమే మేము కోరునది.

ఒకచోట గుట్టపడిన వివరములు దొంగలకు నిధులు. 2013లో జరిగిన చౌర్యమున తమ ఖాతాలన్నియు, అనగా 300 కోట్లు, లోనైనవని 2017లో యాహూ సంస్థయే యొప్పుకొన్నది. పది గడపలకు ఒకే తాళపుచెవి వాడు సామాన్యుని గతి యేమి?

చట్టము మనకు లేకపోలేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి స్వేచ్ఛగా నుండవలెననియు, చెప్పిన పనికి గావలసినంత సమాచారమునకే యది పరిమితమనియు విధించినది. ఫోనులో వైద్యము చెప్పు యాప్ రోగి స్నేహితుల నంబర్ల పట్టికను గోరిన, రోగి యొప్పుకొన్నను ఆ యొప్పుదల ఆ పట్టికకు వర్తింపదని చట్టమే యుదాహరణ మిచ్చినది. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యవిధులకు పదునెనిమిది మాసముల గడు వీయబడినది.

చట్టము గ్రంథస్థమై యున్నంత మాత్రమున హక్కు చేతికి రాదు. తెగులు మందునకు పుట్టిన తేది యేల యని యడుగువారుండవలెను. అక్కఱలేని వివరము నీయకుడు. వాడని ఖాతాలను మూయించుడు. ప్రభుత్వ కార్యాలయములు ముందుగా దారి చూపవలెను. ప్రజల ద్రవ్యముతో సమకూరిన సమాచారమును జదువుటకు ప్రజలు ముచ్చలిక వ్రాసి యీయవలసిన పని లేదు.