స్తంభించిన బ్రౌజరును సాగనంపు విధము

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని చిట్యాల వంటి మండల కేంద్రమున, తన పట్టా భూమి వివరములు చూచుకొనదలచిన రైతునకుగాని, ఆదాయ ధ్రువపత్రమునకై మీసేవకు వచ్చిన ఇల్లాలికిగాని, 2016 నుండి నడచుచున్న 'దోస్త్' పద్ధతిలో డిగ్రీ సీటు కోరు విద్యార్థికిగాని, నేడు ప్రభుత్వ కార్యాలయపు వాకిలి బ్రౌజరే. గడువు ముగియు దినమున, దరఖాస్తు సగము నిండిన తరుణమున, ఆ బ్రౌజరు కొయ్యబారి, మౌస్ కదపినను బాణము కదలక, హార్డ్‌డిస్కు దీపము మాత్రము ఎడతెగక వెలుగుచున్నచో, ఆ ఆపద ఎంతమాత్రము అల్పమైనది కాదు.

అట్టి సమయమున చేయి సహజముగా పవర్ బటన్ మీదికి పోవును. ఈ అలవాటు మానుకొనుట మంచిదని నా దృఢాభిప్రాయము. డిస్కుపై వ్రాయబడుచున్న ఫైళ్లు సగములో తెగి చెడిపోవచ్చును. అంతకుమించి, యూనిక్స్ సంతతికి చెందిన యంత్రమున అట్టి కఠిన చర్యకు అవసరము మిక్కిలి అరుదు. 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌యందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు ఆరంభించిన యూనిక్స్, అనేకులు ఏకకాలమున ఒకే యంత్రముపై పని చేసికొనుటకై పెరిగినది గనుక, ఒకరి ప్రోగ్రాము చెడినను పక్కవాని పని చెడరాదను నియమము దాని నరనరమునను కలదు. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన లినక్స్ ఆ నియమమునే పాటించినది. సీ-డాక్ సంస్థవారి 'బాస్', హైదరాబాదునందలి 'స్వేచ్ఛ' సంస్థవారి తెలుగు వ్యవస్థ ఈ లినక్స్ శాఖలే. లైసెన్సు రుసుము లేకుండుటచే పాత కంప్యూటర్లు గల చోట ఇట్టి వ్యవస్థలు ఎంతయో ఆదరణీయములు.

మరి బ్రౌజరునకు ఇంత ఆకలి యేల? ఒకప్పుడు వెబ్ పుట యనగా అక్షరములు, బొమ్మలు మాత్రమే. ఇప్పటి పుట తానే ఒక ప్రోగ్రాము. 2008లో వచ్చిన క్రోమ్ ట్యాబులను వేరువేరు ప్రాసెసులుగా, అనగా విడివిడిగా నడచు పనులుగా, విడదీసెను. ఫైర్‌ఫాక్స్ 2016లో ఆ దారి పట్టెను. ఒక పుట కూలినను తక్కినవి నిలుచుట దీనివలని లాభము. మెమరీ వ్యయము పెరుగుట నష్టము. నాలుగు జీబీల ర్యామ్ గల యంత్రమున ఇరువది ట్యాబులు తెరచుట ఒకే బావిమీద పది మోటార్లు బిగించుట వంటిది. ర్యామ్ నిండగానే, వ్యవస్థకు మూలమైన కర్నెల్ అందలి సరుకును డిస్కుపై 'స్వాప్' అను తావునకు తరలించును. డిస్కు ర్యామ్‌కంటె ఎన్నో రెట్లు మందగతి గలది గావున యంత్రము చచ్చినట్లు తోచును. స్వాప్ కూడ చాలనిచో కర్నెల్ ప్రతి ప్రాసెసునకును ఒక అంకె కట్టి, హెచ్చు అంకె గలదానిని తానే అంతమొందించును. బ్రౌజరు చెప్పాపెట్టక మాయమగుటకు ఇది యొక ముఖ్య కారణము. అట్లు జరిగినదో లేదో తెలియగోరువారు నిర్వాహకుని అధికారముతో కర్నెల్ చిట్టాను (లాగ్) తెరచి చూడవచ్చును. 'అవుట్ ఆఫ్ మెమరీ' అను మాటయు, హతమైన ప్రాసెసు పేరును అందు స్పష్టముగా నుండును.

తెర స్తంభించినప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కి, కొంత ఓపిక పట్టినచో, నల్లని అక్షరపు తెర వచ్చును. అందు లాగిన్ అయి 'టాప్' అను ఆజ్ఞ యిచ్చి, పెద్ద ఎం అక్షరము నొక్కగా, మెమరీని హెచ్చుగా మ్రింగుచున్న ప్రాసెసు మొదటి వరుసకు వచ్చును. ఫైర్‌ఫాక్స్ విషయమున అచ్చట తరచుగా 'ఐసొలేటెడ్ వెబ్ కో' అని సగము తెగిన పేరు కనబడును. కర్నెల్ పేరునకు పదునైదు అక్షరములే దాచుకొనుటచే అది అట్లు తెగినది. అది ఏదో వైరస్ అని భయపడనక్కరలేదు. తెరచియున్న వెబ్ పుటయే అది. ఎడమ కొసనున్న దాని సంఖ్యను గ్రహించి 'కిల్' ఆజ్ఞ యిచ్చినచో సామాన్యముగా ఆ పుట మాత్రము పోయి, బ్రౌజరు నిలిచి, దరఖాస్తు గల ట్యాబు దక్కవచ్చును. కిల్ అను పేరు క్రూరమైనను, వట్టిగా ప్రయోగించినప్పుడు అది పంపునది 15వ సంకేతము, అనగా సర్దుకొని నిష్క్రమింపుమను మనవి. దానికి లొంగనిచో మాత్రమే, తప్పించుకొన వీలులేని 9వ సంకేతము పంపవలెను. ఈ క్రమము తప్పరాదు. పని ముగిసిన పిదప కంట్రోల్, ఆల్ట్‌లతో పాటు ఎఫ్1, ఎఫ్2, ఎఫ్7లలో ఒకదానిని నొక్కి పూర్వపు తెరకు మరలవచ్చును.

మరల తెరవబోగా, ఫైర్‌ఫాక్స్ ఇదివరకే నడుచుచున్నదను సందేశము వచ్చినచో, పాత ప్రాసెసు కనబడకయే బ్రతికియున్నదని తెలిసికొని, దానిని వెదకి ముగింపవలెను. కొందరు విసిగి ప్రొఫైల్ ఫోల్డరునే తుడిచివేయుదురు. బుక్‌మార్కులును, దాచుకొన్న పాస్‌వర్డులును అందే యుండుటచే అట్టి తొందర వలదు.

మాటిమాటికి కూలుచున్నచో, ఎక్స్‌టెన్షన్లను ఆపివేయు ట్రబుల్‌షూట్ మోడులో తెరచి చూచుట తొలి పరీక్ష. అందు సక్రమముగా నడచినచో దోషము చాల మట్టునకు ఎక్స్‌టెన్షన్లలోనే యుండును గనుక వానిని ఒక్కొక్కటిగా మరల చేర్చుచు పట్టుకొనవచ్చును. అచ్చటను కూలినచో ముందు బ్రౌజరును తాజా సంచికకు మార్చి, ఆపై ర్యామ్ పరీక్షింపజేయవలెను.