మెల్లగా అంటే వినపడదు, గట్టిగా అంటే భరించలేరు

"మా మావయ్యగారికి డెబ్బై దాటాయి. మామూలుగా మాట్లాడితే 'ఆఁ, ఏంటమ్మా?' అంటారు. కాస్త గొంతు పెంచానో లేదో 'ఎందుకమ్మా అలా అరుస్తావు, నాకేం చెవుడా?' అని విసుక్కుంటారు. ఇదేం వినికిడి లోపమండీ?" అని తణుకు నుంచి ఒక పాఠకురాలు అడిగారు.

ఈ నెల వేరే విషయం రాద్దామనుకున్నాను. ఈ ఉత్తరం చదివాక ఇంకేదీ రాయబుద్ధి కాలేదు. మావయ్యగారి విసుగు వెనక చెవిలోని అత్యద్భుతమైన ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని పట్టుకోవడానికి మహామహులే తడబడ్డారు.

ముందు చెవి సంగతి రెండు ముక్కల్లో. శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలిక మూడు బుల్లి ఎముకల మీదుగా కాక్లియా అనే చుట్టల గొట్టంలోని ద్రవానికి చేరుతుంది. అందులో పొడవునా ఒక పలుచని పొర, దాని మీద రోమకణాలు ఉంటాయి. లోపలివైపు ఒకే వరుసలో సుమారు 3,500 కణాలు, వెలుపల మూడు వరుసల్లో సుమారు 12,000. విచిత్రమేమిటంటే, మెదడుకు కబురు మోసే నరపు పోగుల్లో దాదాపు 95 శాతం లోపలి వరుసకే అతుక్కుని ఉంటాయి. మరి వెలుపలి పన్నెండు వేలు ఏం చేస్తున్నట్టు?

పంతొమ్మిదో శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్ ఆ పొరలో శ్రుతికొక తీగ ఉన్నట్టు ఊహించాడు. ఏ స్వరం వస్తే ఆ తీగ మోగుతుందన్నాడు. తర్వాత హంగరీకి చెందిన బెకెషీ శవాల చెవులు కోసి, చాలా పెద్ద శబ్దాలు పంపి, పొర మీద అల ప్రయాణించడం కళ్లారా చూశాడు. అందుకు 1961లో నోబెల్ వచ్చింది. ఆయన చూసిన అల నిజమే. కానీ అది వెడల్పాటి, మందకొడి అల. పక్కపక్క స్వరాలను తేలిగ్గా విడదీసి వినే మన చెవికి అది ఎలా సరిపోతుంది? మిగతా పని నరాలు చూసుకుంటాయిలే అనుకున్నారు.

అలా అనుకోనివాడు ఒకడున్నాడు. థామస్ గోల్డ్. యుద్ధకాలంలో రాడార్ మీద పనిచేసిన యువకుడు. వీణను నీళ్లలో ముంచి తీగ మీటితే నాదం ఎంతసేపు నిలుస్తుంది? కాక్లియా నిండా ద్రవమే కదా! కదలిక చచ్చిపోకుండా లోపల ఏదో ఒకటి క్షణక్షణం శక్తి అందిస్తూ ఉండాలని 1948లో వాదించాడు. అదే నిజమైతే చెవి తనంతట తాను శబ్దం చేయగలగాలి కూడా అన్నాడు. మైకుతో వెతికాడు. ఆనాటి పరికరాలకు అది అందలేదు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ఖగోళ శాస్త్రానికి వెళ్లిపోయాడు. ఆ నిర్లక్ష్యం తలచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

1971లో విలియం రోడ్ బతికున్న కోతుల చెవుల్లో కొలిచాడు. చిన్న శబ్దానికి పొర ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఊగుతోంది, పెద్ద శబ్దానికి ఆ నిష్పత్తిలో పెరగడం లేదు. జంతువు చనిపోయాక ఈ తేడా మాయం! 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ చెవిలోకి ఒక టిక్కు పంపి, మైకు పెట్టి విన్నాడు. కొన్ని మిల్లీసెకన్ల తర్వాత చెవి లోపలి నుంచి బదులు వచ్చింది. దెబ్బతిన్న చెవుల నుంచి రాలేదు. గోల్డ్ ముప్పై ఏళ్ల క్రితం చెప్పిందే నిజమైంది.

శక్తి అందించేది ఎవరో 1985లో తేలింది. విలియం బ్రౌనెల్ బృందం ఒంటరి వెలుపలి రోమకణానికి కరెంటు అందిస్తే అది పొట్టిదై, పొడుగై ఆడింది. జొనాథన్ యాష్‌మోర్ అయితే గినీపంది కణం ఒకదానికి 'రాక్ అరౌండ్ ది క్లాక్' పాటను విద్యుత్తు రూపంలో పంపి వీడియో తీశాడు. సూక్ష్మదర్శిని కింద ఆ సన్నని గొట్టం లాంటి కణం పాటకు తగ్గట్టు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. చెవిలో ఈ పని సెకనుకు వేలసార్లు జరుగుతుంది. ఆడించే ప్రోటీన్ ప్రెస్టిన్ 2000లో దొరికింది.

అంటే వెలుపలి కణాలు వినడానికి కాదు, పెంచడానికి ఉన్నాయి. అదీ తెలివిగా. గుసగుసను 40 నుంచి 60 డెసిబెళ్ల మేర పెంచుతాయి, కేకను దాదాపు ముట్టుకోవు. ఇవి పోతే గుసగుస మాయమవుతుంది, కేక మాత్రం ఎప్పటిలాగే చెవిలో పడుతుంది. మావయ్యగారి రెండు మాటలూ అక్షరాలా నిజం. వినపడనిదానికీ భరించలేనిదానికీ మధ్య జాగా ఇరుకైపోయింది, అంతే. పైగా ముందుగా పోయేవి హెచ్చు శ్రుతికి సంబంధించిన కణాలు. 'స', 'శ' లాంటి హల్లులు జారిపోయి అచ్చులు మిగులుతాయి. అందుకే పెద్దవాళ్లు "మాట వినపడుతోంది, ఏమన్నావో తెలియడం లేదు" అంటారు.

వయసు, ఫ్యాక్టరీ రొద, డీజేలు, జెంటామైసిన్, అమికాసిన్ వంటి మందులు ముందుగా దెబ్బతీసేది ఈ వెలుపలి వరుసలనే. కోడిలో రోమకణాలు పోయినా మళ్లీ మొలుస్తాయి, మనలో మొలవవు. పిల్లల్లో కారణాలు వేరు. జన్యువులు, గర్భంతో ఉన్నప్పుడు తల్లికి సోకిన రుబెల్లా, సైటోమెగలో వైరస్, నెలలు నిండని కాన్పు, మెదడు పొరల వాపు, చీము కారే చెవి. మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో ఒకే లోపం ఉన్న జన్యువు ఇద్దరి నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. వినపడని బిడ్డకు మాటలు రావు, బడిలో వెనకబడుతుంది. వినపడని పెద్దాయన కబుర్లకు దూరమై ఒంటరవుతాడు. నడివయసులో పట్టించుకోని వినికిడి లోపానికీ మతిమరుపు వ్యాధికీ సంబంధం ఉందని లాన్సెట్ కమిషన్ హెచ్చరించింది.

కాబట్టి అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే చవక యంత్రం కొనకండి. చిన్న శబ్దాన్ని ఎక్కువగా, పెద్దదాన్ని తక్కువగా పెంచే డిజిటల్ యంత్రాన్ని ఆడియాలజిస్ట్ చేత అమర్చించుకోవాలి. దగ్గరికెళ్లి, మొహం చూస్తూ, నిదానంగా మాట్లాడితే సగం గొడవ తీరుతుంది.

కెంప్ విన్న బదులే ఈనాటి ఓఏఈ పరీక్ష. నిద్రపోతున్న పసికందు చెవిలో మెత్తని గొట్టం పెడితే నిమిషాల్లో తేలిపోతుంది. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో చికిత్స మొదలవ్వాలి. ఇంత తేలికైన పరీక్ష మన ప్రసూతి వార్డులన్నిట్లో ఇంకా జరగడం లేదంటే బాధేస్తుంది. ఒక జాగ్రత్త. ఓఏఈ వెలుపలి కణాల సంగతే చెబుతుంది. ఓటోఫెర్లిన్ అనే ప్రోటీన్ లేని పిల్లల్లో బదులు చక్కగా వస్తుంది గానీ లోపలి కణం నుంచి నరానికి కబురు అందదు. షాంఘై వైద్యులు అలాంటి ఆరుగురు పిల్లలకు జన్యుచికిత్స చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024లో ప్రకటించారు. పుట్టగానే ఐసీయూలో ఉన్న, కామెర్లు తీవ్రంగా వచ్చిన బిడ్డకు ఓఏఈతో ఆగకుండా, నరం దాకా కబురు చేరుతోందో లేదో చూసే బెరా పరీక్ష కూడా చేయించండి.