టాన్సిల్స్ ఆపరేషన్: ఏ పరికరంతో అన్నదొక్కటే ప్రశ్న కాదు

కోల్‌కతాలో భవానీపూర్ దగ్గరున్న ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రిని జనం ఇప్పటికీ ‘పీజీ’ అనే పిలుస్తారు. బెంగాల్ జిల్లాల నుంచి పెద్ద వైద్యం కోసం జనం వచ్చేది ఇక్కడికే. తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డ ఖరగ్‌పూర్ ఇక్కడికి వంద కిలోమీటర్ల పైమాటే. టాన్సిల్స్ ఆపరేషన్ విషయంలో ఆ దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎందుకో చివర్లో చెబుతాను.

అపోహ: లేజర్, కోబ్లేషన్ లాంటి కొత్త పద్ధతులైతే నొప్పి ఉండదు, రక్తం రాదు.

వాస్తవం: పాత పద్ధతిలో కత్తెర లాంటి పరికరాలతో టాన్సిల్‌ను కండరం నుంచి విడదీసి, రక్తనాళాలను దారంతో కట్టేస్తారు. డయాథర్మీలో విద్యుత్తు వేడితో కోస్తూనే నాళాలను మూసేస్తారు. ఆపరేషన్ బల్లమీద రక్తం తక్కువ పోతుంది, కానీ ఆ వేడి చుట్టూ ఉన్న కండరానికీ తగులుతుంది. కోబ్లేషన్ ఉప్పునీటి సాయంతో సుమారు 40 నుంచి 70 డిగ్రీల దగ్గరే పని చేస్తుంది. మొదటి రోజుల్లో నొప్పి కాస్త తగ్గవచ్చు. వారం తిరిగేసరికి పెద్ద తేడా కనిపించదు.

రక్తస్రావం రెండు రకాలు. మొదటిది ఆపరేషన్ జరిగిన రోజే వచ్చేది. రెండోది ఇంటికెళ్లాక, ఎక్కువగా అయిదో రోజుకూ పదో రోజుకూ మధ్య వచ్చేది. బ్రిటన్‌లో 2003-04లో దాదాపు 34 వేల మందిని గమనించినప్పుడు, ఈ రెండో రకం రక్తస్రావం వేడితో చేసిన ఆపరేషన్లలోనే ఎక్కువని తేలింది. నా దృష్టిలో అసలు తేడా తెచ్చేది వేరే పద్ధతి: కండరాన్ని ముట్టకుండా పలుచని పొర మిగిల్చి టాన్సిల్‌ను తొలగించడం. గురకతో ఊపిరాడక నిద్ర చెడే పిల్లలు దీనివల్ల త్వరగా కోలుకుంటారు. టాన్సిల్ మళ్లీ పెరిగే అవకాశం మాత్రం కొద్దిగా ఉంటుంది.

అపోహ: ఆపరేషన్ తర్వాత గొంతులో తెల్లగా కనిపిస్తే చీము పట్టినట్టే.

వాస్తవం: అది మానుతున్న పుండు మీది పొర. నోటి వాసన, చెవిపోటు కూడా మామూలే. గొంతుకూ చెవికీ ఒకే నరంతో సంబంధం ఉంది.

అపోహ: నొప్పి తగ్గేదాకా ఏమీ మింగకూడదు.

వాస్తవం: మింగకపోతే గొంతు ఎండి నొప్పి ఇంకా పెరుగుతుంది. నొప్పి మాత్ర వేళకు వేసి, అది పని చేసే సమయంలో తినిపించాలి. మెత్తగా కలిపిన పెరుగన్నం చాలు. ఆస్పిరిన్ వద్దు. పిల్లలకు కోడీన్ అసలే వద్దు. ఈ ఆపరేషన్ తర్వాత దానితో ప్రాణాలే పోయినందున అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో గట్టిగా హెచ్చరించింది.

అపోహ: తరచూ గొంతునొప్పి వస్తే టాన్సిల్స్ తీసేయడమే మేలు.

వాస్తవం: ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏటా అయిదుసార్లు, లేదా మూడేళ్లు ఏటా మూడుసార్లు తీవ్రంగా వస్తేనే సాధారణంగా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

ఇక ఆ దూరం సంగతి. రక్తం రాగల రోజులకు మీరు ఇంట్లో ఉంటారు, సర్జన్ కోల్‌కతాలో ఉంటారు. అర్ధరాత్రి అయినా గొంతు వైద్యులు దొరికే దగ్గరి ఆసుపత్రి ఏదో డిశ్చార్జికి ముందే అడిగి రాసుకోండి. ఉమ్మిలో ఎర్రగా కనిపించినా, నిద్రలో పిల్లవాడు పదేపదే గుటకలు వేస్తున్నా, తెల్లవారేదాకా ఆగకుండా బయల్దేరండి.