ఓడ కన్నా ముందు రావాల్సిన కబురు

జనగామ జిల్లాలోని చిల్పూర్ నుంచి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఈ చుట్టుపక్కల ఎవరైనా చైనా నుంచి ఒక యంత్రం తెప్పించుకుంటే, అది విశాఖ రేవుకు ఎప్పుడు చేరుతుందో తెలిపేది ‘అరైవల్ నోటీసు’ అనే ఒక్క పేజీ. ఓడ పేరు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే రసీదు) నంబరు, కంటైనర్ నంబరు, బరువు, చేరే తేదీ, కట్టాల్సిన ఛార్జీలు. అంతే. దాన్ని కాగితమని తీసిపారేయలేం. కబురును సరుకు కన్నా ముందుకు తోసే యంత్రమది.

మచిలీపట్నం, కోరంగి రేవుల తెరచాపల కాలంలో ఓడ కబురు ఓడతోనే వచ్చేది. సరుకును దాటిపోయే వేగం కబురుకు తీగలతో అబ్బింది. 1870లో సముద్రగర్భ కేబుల్ బొంబాయిని ఏడెన్, సూయెజ్ మీదుగా లండన్‌తో కలిపింది. 1933 అక్టోబరు 7న విశాఖ కొత్త రేవులోకి తొలి ఓడ ‘జలదుర్గ’ వచ్చేనాటికి నడిసముద్రం నుంచే వైర్‌లెస్‌లో మాట్లాడే వీలుండేది.

అయితే కబురు వేగంగా వస్తే చాలదు, అందరికీ ఒకేలా అర్థం కావాలి. ఆ పాఠం నేర్పింది ఓడ కాదు, విమానం. 1948లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌ను దిగ్బంధిస్తే తిండీ బొగ్గూ ఆకాశం నుంచే చేరాయి. సరుకుల చిట్టాలు మాత్రం తలో తీరుగా, తలో భాషలో ఉండేవి. అమెరికా సైనికుడు ఎడ్ గిల్బర్ట్, ఆయన తోటివారు టెలెక్స్‌లోనైనా ఫోన్‌లోనైనా పంపగల ఒకే తరహా చిట్టా తయారుచేశారు. 1965లో హాలండ్-అమెరికా లైన్ తన ఓడల చిట్టాలను టెలెక్స్‌లో అట్లాంటిక్ దాటించి కంప్యూటర్‌కు అందించింది.

ఈలోగా 1956లో ‘ఐడియల్ ఎక్స్’ 58 కంటైనర్లతో అమెరికాలోని న్యూఅర్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరింది. ఆ దారిన వచ్చిన కంటైనర్ ఓడలతో రోజుల తరబడి సాగే దిగుమతి గంటల్లోకి దిగింది. కాగితం వెనకబడింది. 1987లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో, కంప్యూటర్లు వ్యాపార పత్రాలు పంపుకునే ‘ఎడిఫ్యాక్ట్’ భాషా నియమాలు ఖరారయ్యాయి. ఆ కుటుంబంలో ‘ఇఫ్ట్‌మాన్’ అనే సందేశం ఉంది. అది అరైవల్ నోటీసే, కంప్యూటర్లు చదువుకునే రూపంలో.

నోటీసులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కంటైనర్ నంబరు చివరి అంకె. ‘సీఎస్‌క్యూయూ 305438’ తీసుకోండి. ఆ నాలుగు ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన విలువలు 13, 30, 28, 32. వాటినీ తర్వాతి ఆరు అంకెలనూ వరుసగా 1, 2, 4, 8 అంటూ 512 దాకా రెట్టింపయ్యే సంఖ్యలతో గుణించి కూడితే 6185. దాన్ని 11తో భాగిస్తే శేషం 3. ఆ 3నే చివర రాస్తారు. టైపు చేసేవారు ఒక అంకె తప్పు కొడితే లెక్క దాదాపు ప్రతిసారీ పట్టేస్తుంది.

మన దేశంలో ఈ కబురు ఆలస్యమైతే డబ్బు పోతుంది. 2021 సవరణ తర్వాత, సాధారణ నియమం ప్రకారం బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి ప్రకటనను ఓడ వచ్చే ముందురోజు ముగిసేలోపే కస్టమ్స్‌కు దాఖలు చేయాలి. రుసుము లేని గడువు ‘ఫ్రీ టైమ్’ దాటితే డెమరేజ్ అనే ఆలస్య రుసుము మొదలవుతుంది. దించిన 30 రోజుల్లో విడిపించుకోకపోతే, నోటీసిచ్చి సరుకును అమ్మేసే వీలు 1962 కస్టమ్స్ చట్టం 48వ సెక్షన్‌లో ఉంది.

ఇంత బరువు మోసే నోటీసు అందకపోతే? కబురు చెప్పకపోయినా తమ బాధ్యత కాదని చాలా షిప్పింగ్ కంపెనీల బిల్ ఆఫ్ లేడింగ్ షరతుల్లోనే ఉంటుంది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. కబురు తన చేతిలో ఉన్నవాడికి పూచీ లేదు, నష్టమంతా ఎదురుచూసేవాడిది. పైగా లెటర్ ఆఫ్ క్రెడిట్ (బ్యాంకు చెల్లింపు హామీ) మీద కొన్నప్పుడు సరుకు తరచూ బ్యాంకు ఆర్డర్ పేరున వస్తుంది, అసలు కొనుగోలుదారు పేరు ‘నోటిఫై పార్టీ’ (కబురు అందాల్సినవారు) గడిలోనే కనిపిస్తుంది. జనగామ నుంచైనా వరంగల్ నుంచైనా కొత్తగా తెప్పించుకునేవారు బిల్ ఆఫ్ లేడింగ్ ముసాయిదా చేతికి రాగానే ఆ గడిలో తమ ఫోన్ నంబరు, మెయిల్, క్లియరింగ్ ఏజెంటు చిరునామా ఒక్కొక్క అక్షరం సరిచూసుకోవాలి. ఓడ బయలుదేరాక దిద్దించాలంటే మళ్లీ ఫీజు, మళ్లీ రోజులు.