పద్మినికి ఆయువు పోసిందెవరు?

2003 అక్టోబరు 29న ముంబయిలోని తార్‌దేవ్ ఆర్టీవో కార్యాలయంలో ఒక ప్రీమియర్ పద్మిని టాక్సీగా రిజిస్టరైంది. నగరంలో ఆ మోడల్ టాక్సీ నమోదు కావడం అదే చివరిసారి. టాక్సీ వయసు ఇరవై ఏళ్లు మించకూడదన్న నిబంధన వల్ల 2023 అక్టోబరు 30 నుంచి ఆ నలుపు పసుపు బండి ముంబయి వీధుల్లో కిరాయికి తిరగడం మానేసింది. అప్పుడు పత్రికలు ఒక శకం ముగిసిందని రాశాయి, టాక్సీవాళ్ల యూనియన్ కనీసం ఒక్క బండినైనా భద్రపరచమని ప్రభుత్వాన్ని అడిగింది. ఆ సందడిలో అసలు ప్రశ్న మరుగున పడింది. ఇటలీలో ఫియట్ 1969లోనే ఆపేసిన 1100 మోడల్ కారు, ముంబయిలో ఇంకో అర్ధశతాబ్దం పైగా ఎలా బతికింది? యంత్రానికి పుట్టుక ఇచ్చేది ఫ్యాక్టరీయే కానీ, దాని ఆయుర్దాయాన్ని తేల్చేది దాన్ని విప్పి బిగించగలిగే చేతులు, ఆ చేతులకు సామాను అందించే బజారు. పాత కారును ఇంట్లో బాగుచేసుకోవాలనుకునేవారు మొదట గ్రహించాల్సింది ఇదేనని నా వాదన.

కథ కుర్లాలో మొదలవుతుంది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ తొలుత క్రిస్లర్ కంపెనీతో చేయి కలిపి డాడ్జ్, ప్లిమత్ బండ్లను బిగించింది. ఆ తర్వాత ఫియట్ వైపు మళ్లింది. 1950లలో వచ్చిన ఫియట్ 1100 ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. గుండ్రని ఒళ్లు చూసి ముంబయి జనం దానికి ‘డుక్కర్ ఫియట్’ అని పేరు పెట్టుకున్నారు, మరాఠీలో డుక్కర్ అంటే పంది. 1964లో పలకలు తేరిన ఆకారంతో ఫియట్ 1100 డిలైట్ వచ్చింది. 1970ల తొలినాళ్లలో అదే బండి ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974లో చిత్తోడ్ రాణి పేరుతో ప్రీమియర్ పద్మిని అయింది. పేర్లు మారాయి తప్ప లోపలి యంత్రం పెద్దగా మారలేదు. ఈ మారకపోవడమే ఆ బండికి బలమైంది. ఇరవయ్యేళ్ల కిందటి బండి భాగం నేటి బండికి సరిపోతుంటే పాత సామానుకు గిరాకీ తగ్గదు, ఒకసారి పని నేర్చుకున్న మెకానిక్ జీవితాంతం దానితోనే బతకగలడు.

యంత్రాన్ని దగ్గరగా చూద్దాం. ముందు భాగంలో నిలువుగా కూర్చున్న నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, సామర్థ్యం 1089 సీసీ. సిలిండరు వ్యాసం 68 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ కిందకీ కదిలే దూరం 75 మిల్లీమీటర్లు. గాలినీ పెట్రోలునూ కలిపేది కార్బురేటరు, నిప్పురవ్వకు సమయం చూసేది డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. బండి మొరాయిస్తే కారణం కంటికి కనబడుతుంది, లేకపోతే చెవికి వినబడుతుంది, ముక్కుకు తెలుస్తుంది. బానెట్ ఎత్తితే ఇంజను చుట్టూ చేయి దూరేంత జాగా ఉంటుంది. కార్బురేటరు జెట్టులో మురికి చేరితే విప్పి ఊది బిగించవచ్చు. పాయింట్ల మధ్య అర మిల్లీమీటరు లోపు ఉండాల్సిన సందును ఫీలర్ గేజి ఆకుతో కొలిచి సరిచేయవచ్చు. కొన్ని స్పానర్లు, స్క్రూడ్రైవరు, ఓపిక ఉన్న మనిషి రోడ్డు పక్కన చేయగలిగిన పనులివి.

ఆ రోడ్డు పక్కకు ముంబయిలో ఒక చిరునామా ఉంది. ఉత్తరాన బెలాసిస్ రోడ్డు, దక్షిణాన గ్రాంట్ రోడ్డు, వాటి మధ్య నంబర్లతో పిలిచే గల్లీల వరుస కామాటిపురా. హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో సముద్రపు పోటు ఆగి పల్లపు నేల ఆరాక, పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం రాజ్యపు తెలుగు పల్లెల నుంచి వలసొచ్చిన కూలీలు ఇక్కడ స్థిరపడ్డారు. ఇళ్లు కట్టడం, రోడ్లు వేయడం వాళ్ల పని. కామాటీలనే ఆ పేరే పేటకు నిలిచింది. లోకం ఈ పేటను సెక్సు వ్యాపారం పేరుతోనే గుర్తుపెట్టుకుంది గానీ, ఇది మొదటి నుంచీ పనివాళ్ల పేట, ఇప్పటికీ ఇక్కడి చాళ్లలో తెలుగు వినబడుతుంది. దీనికి దక్షిణాన, నడిచి వెళ్లే దూరంలోనే చోర్ బజార్. పాత దర్వాజాలు, గ్రామఫోనులతో పాటు కార్ల సామానుకూ ఆ బజారు పెట్టింది పేరు. ఆయువు తీరిన బండి అక్కడ తలుపులుగా, హెడ్‌లైట్లుగా, డైనమోలుగా విడిపోయి ఇంకో పది బండ్లలో చేరుతుంది. చాల్‌లో ఒక్క గది, ముందు వరండా, అందరికీ కలిపి ఒకే నల్లా. అక్కడ గ్యారేజీ అన్న మాటకు చోటే లేదు. సొంత షెడ్డు లేనివాడికి ఇలాంటి గల్లీయే షెడ్డు. ముంబయిలో ‘ఇంట్లో బాగుచేసుకోవడం’ అంటే మొదటి నుంచీ వీధిలో, పదిమంది సాయంతో బాగుచేసుకోవడమే.

ఇంజను కంటే కఠినమైన పరీక్ష బండి ఒంటిది. పద్మినికి లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింది పెట్టె దూలాలు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. అందువల్ల తుప్పు అందానికి సంబంధించిన లోపంగా మిగిలిపోదు, బండి బలాన్నే తినేస్తుంది. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ చాలు. సముద్రపు గాలిలోని ఉప్పు ఆ తడిలో కరిగి విద్యుత్ ప్రవాహానికి దారి సులువు చేస్తుంది, దాంతో రసాయన చర్య వేగం పెరుగుతుంది. ముంబయి వానలో నాలుగు నెలలు తడిసిన బండికి నీళ్లు బయటికి పోవాల్సిన చిన్న రంధ్రాలు మట్టితో పూడితే, పెట్టె దూలం లోపలి నుంచే కుళ్లుతుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పాత బండి కొనేవారు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకోవాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. రేకుకు అతుక్కున్న అయస్కాంతం ఒకచోట జారిపోతే అక్కడ లోహం లేదు, లప్పం పూశారని అర్థం. సరైన టింకరింగ్ అంటే కుళ్లిన రేకును మంచి రేకు వచ్చేదాకా కోసి, కొత్త ముక్క వెల్డింగు చేసి, లోపలి వైపు కూడా తుప్పు నిరోధక పూత పూయడం. లప్పం ఆ అతుకును నున్నన చేయడానికే తప్ప రేకు లేనిచోట రేకుగా నిలబడదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. పద్మిని బతికింది మరమ్మతు మహిమ వల్ల కాదు, జనానికి వేరే దిక్కు లేక అని. ఇందులో సగం నిజం. లైసెన్సుల కాలంలో కారు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డారు. 1983 డిసెంబరులో మారుతి 800 రాగానే కుటుంబాలు అటు మళ్లాయి. అయితే పోటీ లేకపోవడం పద్మిని ఎందుకు అమ్ముడుపోయిందో చెబుతుంది, పోటీ వచ్చాక ఎందుకు నిలిచిందో చెప్పదు. మారుతి వచ్చిన ఇరవయ్యేళ్లకు, కుర్లాలో తయారీ ఆగిపోయాక కూడా 2003లో ఒక బండి టాక్సీగా ఎక్కింది. బండిని రోజంతా తిప్పి పొట్ట పోసుకునేవాడు మోజుతో ఎంచుకోడు, లెక్క వేసుకుని ఎంచుకుంటాడు. పొద్దున చెడిన బండి మధ్యాహ్నానికి మళ్లీ కిరాయికి ఎక్కడమే ఆ లెక్క. కోల్‌కతాలో అంబాసిడర్ టాక్సీ నిలిచిందీ దాదాపు ఇదే కారణంతో.

రెండో అభ్యంతరం కాలుష్యం, భద్రత. దీన్ని తేలిగ్గా తీసుకోలేం. కార్బురేటరు ఇంజను పొగను శుభ్రం చేసే కన్వర్టరు ఆ తరం బండ్లలో లేదు. నగరంలో గాలి పాడవుతోందని బాంబే హైకోర్టు జోక్యం చేసుకున్నాకనే పాత టాక్సీలు సీఎన్జీ వైపు కదిలాయి. గుద్దుకుంటే కాపాడే ఎయిర్‌బ్యాగులు లేవు, బ్రేకులు డ్రమ్ము రకం. కాబట్టి రోజంతా ప్రయాణికులను మోసే పని నుంచి పద్మినిని విరమింపజేయడం సరైన నిర్ణయమే. కానీ వారానికోసారి, కొద్ది దూరం, యజమాని నడిపే బండి సంగతి వేరు. సీటు బెల్టులు బిగించి, బ్రేకులు పూర్తిగా కొత్తవి వేసి, కార్బురేటరు సరిగ్గా ట్యూన్ చేసి పొల్యూషన్ సర్టిఫికెట్ తెచ్చుకున్న బండి వల్ల ఊరికి జరిగే నష్టం స్వల్పం. అదే బండిని తుక్కు చేసేస్తే పోయే పరిజ్ఞానం మళ్లీ రాదు.

అయితే బాగుచేయడం ఎక్కడ ఆగి మార్చడం ఎక్కడ మొదలవుతుంది? చట్టం దీనికి ఒక గీత గీసింది. 2021లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించి, తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన సొంత బండ్లకు ‘వింటేజ్’ హోదా ఇచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజనులకు పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్నది షరతు. కొత్త రిజిస్ట్రేషనుకు ఇరవై వేల రూపాయలు కట్టాలి, అది పదేళ్లు చెల్లుతుంది, బండిని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడమే కూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. గీత మంచిదే, కానీ వర్క్‌షాపులో అది అంత సూటిగా ఉండదు. సిలిండరు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తే లేత్ షాపులో బోరు చేసి పెద్ద పిస్టను వేస్తారు. 68 మిల్లీమీటర్ల వ్యాసం అర మిల్లీమీటరు పెరిగితే ఇంజను సామర్థ్యం 1089 నుంచి సుమారు 1105 సీసీకి చేరుతుంది. కాగితం మీద అది మార్పు, పనిలో అది తరతరాలుగా సాగుతున్న మామూలు మరమ్మతు. పద్మినిని ఇంతకాలం నడిపింది ఇలాంటి మరమ్మతులే కాబట్టి, చట్టాన్ని అమలు చేసేవారు అరుగుదలకు చేసే బోరును, వేగం కోసం వేరే ఇంజను దించడాన్ని ఒకే గాటన కట్టకూడదు.

సొంత అభిరుచికి తగ్గట్టు మార్చుకోవడం తప్పా అంటే, తప్పు కాదు. ముంబయి టాక్సీవాళ్లు ఆ పనిని అందరికంటే ముందే చేశారు. డిక్కీలో సీఎన్జీ సిలిండరు జాగా ఆక్రమించుకుంటే, సామాను మోసే పని అంతా పైకప్పు మీది క్యారియరు తీసుకుంది. 2015లో మొదలైన టాక్సీ ఫ్యాబ్రిక్ ప్రయత్నంలో యువ డిజైనర్లు సీట్లను, పైకప్పు లోపలి వైపును బొమ్మలతో నింపారు. ఈ మార్పుల్లో ఎక్కువ భాగం బోల్టు విప్పితే ఊడి వస్తాయి. ఇంట్లో బండి మార్చుకునేవారికి ఇదే మంచి కొలత. స్పానరుతో బిగించినది స్పానరుతో తీసేయగలిగితే చేసుకోండి, గ్యాస్ కట్టరు పట్టాల్సి వస్తే ఆగండి. సీటు గుడ్డ, స్టీరియో, బెల్టులు, ప్రకాశం పెంచిన బల్బులు అన్నీ ఈ కొలతకు నిలుస్తాయి. రంగు మార్చితే ఆర్సీలో రాయించండి. ఒక మార్పు మాత్రం ఇప్పుడు ఎవరికీ తప్పదు. పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలను, డయాఫ్రమ్‌లను దెబ్బతీస్తుంది, గాలిలోని తేమను లాగి ట్యాంకులో తుప్పు పెంచుతుంది. కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించి, ట్యాంకు లోపల కడిగించి, మిశ్రమం మరీ పలచన కాకుండా కార్బురేటరు జెట్లు చూపించుకోవాలి.

ఈ బండ్లకు అసలు ప్రమాదం నడివయసులో ఉంది. 1974లో రోడ్డెక్కిన పద్మిని 2024లో యాభై దాటి గౌరవం పొందింది. ఆఖరి బండ్లు ఆ హోదా కోసం 2050ల దాకా ఆగాలి. పదిహేనేళ్ల తర్వాత ఐదేసి ఏళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ, సామాను వెతుక్కుంటూ అంతకాలం నెట్టుకురావాలి. చాలా బండ్లు ఈ మధ్యలోనే తుక్కులోకి పోతాయి, వాటితో పాటే పాయింట్ల సందు చెవితో పట్టే మెకానిక్ చేతి విద్య కూడా పోతుంది. ఆ విద్య బతికిన కామాటిపురాలోనూ పాత చాళ్లు పునర్నిర్మాణానికి సిద్ధమవుతున్నాయి. అక్కడివారికి మంచి ఇళ్లు రావాల్సిందే. కానీ కొత్త పథకాల్లో చిన్న వర్క్‌షాపుకు, లేత్ షాపుకు, పాత సామాను దుకాణానికి చోటు లేకపోతే నగరం తన మరమ్మతు శక్తిని తానే పోగొట్టుకుంటుంది.

హైదరాబాదులోనో, విజయవాడలోనో, ముంబయి వర్లీలోనో మీ తాతల ఫియట్ షెడ్డులో దుమ్ము కొట్టుకుని ఉంటే తుక్కు వ్యాపారికి ఫోన్ చేయకండి. ముందు అయస్కాంతం పెట్టి నేల రేకు చూడండి, ఇంజను చేత్తో తిరుగుతుందో లేదో చూడండి. తర్వాత ఆ బండి తెలిసిన పాత మెకానిక్‌ను వెతికి పట్టుకోండి, పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి పని నేర్పించమనండి, చేసిన ప్రతి మరమ్మతునూ బిల్లులతో సహా ఒక పుస్తకంలో రాసి ఉంచండి. బండి నడవడం ఎంత ముఖ్యమో, దాన్ని నడిపించగలిగే మనిషి తయారు కావడం అంతకన్నా ముఖ్యం.