పాత వాల్వు రేడియో: ఇంట్లో సంరక్షణ, మరమ్మతు

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• వాల్వు పేరును బట్టి మీ సెట్టు ఏ రకానికి చెందినదో గుర్తించగలుగుతారు.
• చాలాకాలం మూలపడిన సెట్టుకు కరెంటు ఇచ్చే ముందు చేయవలసిన పనులను వివరించగలుగుతారు.
• లోపం ఏ దశలో ఉందో క్రమపద్ధతిలో కనుక్కోగలుగుతారు.

1. పరిచయం

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఈ ప్రాంతానికి రేడియో దూరం నుంచే వినిపించింది. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లోను, విజయవాడ కేంద్రం 1948లోను, కడప కేంద్రం 1963లోను ప్రారంభమయ్యాయి. అంత దూరం నుంచి వచ్చే సంకేతం కోసం మిద్దె మీద రెండు గుంజలు నాటి వాటి మధ్య రాగి తీగ ఏరియల్ కట్టేవారు. సెట్టు ఉన్న ఇంటివారు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టేవారు. మీ ఇంట్లో ఆ లైసెన్సు పుస్తకం దొరికితే పారవేయకండి. సెట్టు వయస్సు తెలిపే ఆధారం అదే కావచ్చు.

అటక మీది రేడియోను దించగానే ఎవరికైనా కలిగే కోరిక ప్లగ్గు పెట్టి చూడాలని. ముప్ఫై, నలభై ఏళ్లు నిద్రపోయిన సెట్టును పాడుచేసేది చాలాసార్లు ఆ ఒక్క నిమిషమే. కనుక ముందు పరిశీలన, తరువాత మరమ్మతు, ఆ తరువాతే కరెంటు అనే క్రమాన్ని గుర్తుంచుకోండి.

2. మీ సెట్టు ఏ రకం?

వెనుక అట్ట విప్పి వాల్వుల మీది పేర్లు రాసుకోండి. ఐరోపా పద్ధతిలో పేరులోని మొదటి అక్షరం హీటరుకు కావలసిన విద్యుత్తును తెలుపుతుంది.

(అ) 'ఇ' రకం (ఉదా: ఇ.సి.హెచ్. 81): హీటరుకు 6.3 వోల్టులు కావాలి. ఈ సెట్లలో సాధారణంగా మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. నేర్చుకొనేవారికి ఇవే అనువైనవి.

(ఆ) 'యు' రకం (ఉదా: యు.సి.హెచ్. 81): హీటర్లన్నీ శ్రేణి సంధానంలో ఉంటాయి. వాటిలో 100 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం సాగుతుంది. ఒక హీటరు తెగితే అన్ని వాల్వులూ ఆరిపోతాయి. సాధారణంగా వీటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఇనుప చట్రం నేరుగా మెయిన్స్ తీగకు కలిసి ఉండవచ్చు. ప్లగ్గు తిరగబడితే చట్రం మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా, అనుభవజ్ఞులు పక్కన లేకుండా ఈ రకాన్ని విప్పి నడపకండి.

(ఇ) 'డి' రకం (ఉదా: డి.కె. 96): ఇవి కరెంటు రాని పల్లెల కోసం తయారైన బ్యాటరీ సెట్లు. ఫిలమెంటుకు సుమారు ఒకటిన్నర వోల్టు, ఆనోడుకు 90 వోల్టులు కావాలి. నాటి బ్యాటరీలు ఇప్పుడు దొరకవు. తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీలు పదింటిని శ్రేణిలో కలిపితే 90 వోల్టులు, ఒక పెద్ద టార్చి సెల్లుతో ఒకటిన్నర వోల్టు లభిస్తాయి. రెండింటి తీగలు తారుమారైతే వాల్వులన్నీ ఒక్క క్షణంలో కాలిపోతాయి.

3. కరెంటు ఇచ్చే ముందు

ఈ పనులన్నీ ప్లగ్గు తీసి ఉంచే చేయాలి. సెట్టును ఇటీవల ఎవరైనా నడిపి ఉంటే ఫిల్టరు కెపాసిటర్లలో సుమారు 250 వోల్టుల ఆవేశం నిలిచి ఉండవచ్చు. 10 కిలో ఓమ్‌లు, 5 వాట్ల నిరోధకానికి రెండు వైపులా తొడుగు ఉన్న తీగలు కలిపి, కెపాసిటర్ కొనలకు కొన్ని సెకన్లు ఆనించండి. తరువాత మల్టీమీటరుతో సరిచూడండి. స్క్రూడ్రైవరుతో షార్టు చేయకండి.

మెత్తని బ్రష్షుతో దుమ్ము తీయండి. వాల్వుల మీది అక్షరాలను తడిగుడ్డతో తుడవకండి, చెరిగిపోతాయి. తీగల మీది పాత రబ్బరు మన వేసవి వేడికి పెళుసెక్కి, వంచగానే రాలుతుంది. మెయిన్స్ తీగను తప్పక మార్చండి.

ఆ తరువాత రెండు రకాల కెపాసిటర్లను మార్చాలి. మొదటివి ఫిల్టరు కోసం వాడే ఎలెక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. ఇవి లోపల ఎండిపోతే స్పీకరులో గుంయ్‌మనే మోత వస్తుంది. 450 వోల్టుల రేటింగు ఉన్నవి ధన, రుణ కొనలు చూసుకొని అమర్చండి. రెండవది ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు సంకేతాన్ని చేర్చే మైనపు కాగితపు కెపాసిటర్. దాని గుండా ఏకముఖ విద్యుత్తు కారితే గ్రిడ్డు ధనాత్మకమై, వాల్వు అతిగా వేడెక్కి, చివరికి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. కొద్ది రూపాయల భాగం వల్ల దొరకని భాగం పోతుంది. దీనికి బదులు 630 వోల్టుల పాలియెస్టర్ కెపాసిటర్ వాడవచ్చు.

4. మొదటిసారి కరెంటు ఇవ్వడం

ఈ పద్ధతి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్లకు వర్తిస్తుంది. సెట్టుకు శ్రేణిలో 60 లేదా 100 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బును కలపండి. ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ప్రకాశించి క్రమంగా మందగిస్తే మంచిదే. ప్రకాశం తగ్గకుండా అలాగే ఉంటే లోపల షార్టు ఉన్నట్లు. వెంటనే ఆపివేయండి. నడుస్తున్న సెట్టు లోపల రెండు చేతులూ పెట్టకండి. పొడి చెక్క మీద నిలబడండి. ఇంట్లో మరొకరు ఉన్నప్పుడే ఈ పని చేయండి.

5. లోపాన్ని వెతికే పద్ధతి

రేడియోను రెండు సగాలుగా భావించండి. ఏరియల్ నుంచి డిటెక్టరు వరకు మొదటి సగం, వాల్యూమ్ కంట్రోలు నుంచి స్పీకరు వరకు రెండవ సగం. చాలా సెట్ల వెనుక గ్రామఫోను సాకెట్ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టయితే దానికి మొబైల్ ఫోను నుంచి పాట ఇచ్చి చూడండి. పాట వినిపిస్తే రెండవ సగం బాగున్నట్లే, లోపాన్ని మొదటి సగంలో వెతకాలి. వినిపించకపోతే ముందు స్పీకరును, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును పరీక్షించాలి. ఒక్క పరీక్షతో వెతకవలసిన మేర సగానికి తగ్గింది. వాల్వులన్నీ మార్చి చూడటం కన్నా ఇది చౌక, త్వరితం కూడా.

మొదటి సగంలో వచ్చే సంకేతాన్ని సెట్టు తన సొంత డోలకంతో కలిపి ఒక స్థిర పౌనఃపున్యానికి మారుస్తుంది. అది చాలా సెట్లలో 455 కిలోహెర్ట్జ్. విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జ్ వినాలంటే డోలకం 837 + 455 = 1292 కిలోహెర్ట్జ్ వద్ద ఉండాలి. ఈ దశలోని కాయిళ్ల మరలను ఊరికే తిప్పకండి. ఒకసారి సర్దుబాటు తప్పితే సిగ్నల్ జనరేటరు లేకుండా సరిచేయడం కష్టం.

6. ఏది మార్చాలి, ఏది ఉంచాలి?

భద్రతకు, పనికి అవసరమైనవే మార్చండి. పాత ఫిల్టరు కెపాసిటర్ డబ్బాను దాని స్థానంలోనే ఉంచి, తీగలు తప్పించి, కొత్తది చట్రం కింద అమర్చవచ్చు. డయలు తాడును విప్పే ముందు అది కప్పీల మీదుగా వెళ్లే దారిని బొమ్మ గీసుకోండి. మార్చిన ప్రతి భాగాన్ని, తేదీని ఒక కాగితం మీద రాసి పెట్టె లోపల అంటించండి. రేపు విప్పేవారికి అది ఉపయోగపడుతుంది.

మరమ్మతు తరువాత కూడా పగలు గరగర వినిపిస్తే అది సెట్టు లోపం కాకపోవచ్చు. ఇంట్లోని ఎల్.ఇ.డి. బల్బులు, చార్జర్లు, ఇన్వర్టరు ఒక్కొక్కటిగా ఆపి చూడండి. రాత్రివేళ అయనోవరణం కింది పొరలో శోషణ తగ్గడం వల్ల దూరపు కేంద్రాలు కూడా అందుతాయి. ఆకాశవాణి క్రమంగా మీడియం వేవ్ నుంచి ఎఫ్.ఎం.కు మారుతోంది. అందువల్ల ఈ సెట్లకు అందే కేంద్రాలు తగ్గుతున్నాయి. ప్రసారాలు ఉన్నప్పుడే సెట్టును సిద్ధం చేసుకోవడం మంచిది.

7. సారాంశం

వాల్వు పేరులోని మొదటి అక్షరం సెట్టు రకాన్ని, ప్రమాద స్థాయిని తెలుపుతుంది. ఫిల్టరు కెపాసిటర్లను, గ్రిడ్డు వద్ద ఉన్న కాగితపు కెపాసిటరును మార్చిన తరువాతే, శ్రేణి బల్బు ద్వారా కరెంటు ఇవ్వాలి. లోపాన్ని సగం సగంగా విభజించి వెతకాలి.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'యు' రకం సెట్టు చట్రాన్ని తాకడం ఎందుకు ప్రమాదకరం?
2. ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్డు వద్ద ఉన్న కాగితపు కెపాసిటర్ కారితే జరిగే పరిణామాలను వరుసగా రాయండి.
3. డయలు మీద ముల్లు 400 మీటర్ల వద్ద ఉంది. ఆ కేంద్రం పౌనఃపున్యం ఎంత? స్థిర పౌనఃపున్యం 455 కిలోహెర్ట్జ్ అయితే డోలకం పౌనఃపున్యం ఎంత? (జవాబు: 750 కిలోహెర్ట్జ్, 1205 కిలోహెర్ట్జ్)